అమ్మొచ్చేదాకా తడిపిన రాయి

మా అపార్ట్‌మెంటు గేటు పక్క గోడకు ఈమధ్య నల్లరాయి పలకలు అంటించారు. అందం కోసమట. వాచ్‌మన్ పొద్దున్నే వాటి మీద పైపుతో నీళ్లు కొడతాడు. మొదటిరోజు ఆ నీళ్లు పడగానే లేచిన వాసనకు నేను స్కూటీ ఆపి, స్టాండు వేసి, అక్కడే నిలబడిపోయాను.

"ఏమైంది మేడమ్, బట్టల మీద పడ్డాయా?" అన్నాడు అతను గాభరాగా.

"లేదు, ఇంకొంచెం కొట్టు" అన్నాను.

ఆఫీసుకు ఆలస్యమైతే అయింది. అది తడిసిన పలకరాయి వాసన. వాన పడ్డ మట్టివాసన గురించి రాయని వాళ్లు లేరు గానీ దీని ఊసు ఎవరూ ఎత్తినట్టు లేదు. కొంచెం ఇనుప వాసన, కొంచెం నాచు వాసన, బావిలోకి తొంగి చూస్తే ముఖానికి తగిలే చల్లదనం, అన్నీ కలిసి ఉంటాయి అందులో. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది.

పాత రోజులే బంగారం అనేవాళ్లతో నాకెప్పుడూ పేచీయే. మా ఊరు ఇప్పుడు లేదు. లేనందుకు నాకు దిగులు లేదు సరికదా, తలుచుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. అయితే ఆ ఊళ్లో గడిపిన ఒక ఎండాకాలం మాత్రం నాది. దాన్ని ఎవరు అడిగినా ఇవ్వను.

మార్కాపురం దాటి కొండల వైపు పోయే బస్సు ఎక్కడైతే ఇక నావల్ల కాదని వెనక్కి తిరుగుతుందో, అక్కడ దిగి ఇంకా పైకి నడవాలి. అదీ మా ఊరు. దాన్ని ఊరు అనడం కన్నా పలకల గని చుట్టూ చేరిన ఇళ్లు అంటే సరిపోతుంది. పనికిరాని రాతిముక్కలన్నీ మావే కాబట్టి గోడలు వాటితోనే, కప్పులూ వాటితోనే. పాలగిన్నె మీద మూత, కోళ్లగూటికి తలుపు, నాయనమ్మ వక్కాకు పెట్టుకునే తట్ట కూడా పలకరాయే. ఎక్కడెక్కడి పిల్లలో మా రాయి మీదే ఓనమాలు దిద్దుకునేవారు. మా బడిలో పలకలకు ఏనాడూ కొరత లేదు. కొరతల్లా పంతులుగారికే.

ఆ ఊరు ఎలా పుట్టిందని అడిగితే నాయనమ్మ వక్క కొరుకుతూ చెప్పేది. "మేకలోడొకడు చలికి రాతి మీద మంటేసుకున్నాడంట. తెల్లారి చూస్తే రాయి పొరలు పొరలుగా ఇచ్చుకుపోయింది. అది చూసి ఎవురో పలక చెయ్యొచ్చునన్నారు. అప్పుట్నించి మేకలు పొయ్యి మనుషులొచ్చారు." ఆవిడ కథలో ప్రతిసారీ మేకల మీదే జాలి ఎక్కువ. నేను పుట్టేసరికే గని ఎంత లోతు పోయిందంటే, గట్టు మీద నిలబడి చూస్తే అందరిలో నాన్న ఎవరో ఎర్ర తలగుడ్డను బట్టి గుర్తుపట్టాల్సిందే.

ఆ రాయికి ఒక గుణం ఉంది. గనిలోంచి తీసిన రాయిలో తడి ఉన్నంతవరకే అది పొరలుగా విడుతుంది. ఎండిందా, ఇక బిగుసుకుపోతుంది, ఉలి పెడితే అడ్డదిడ్డంగా పగులుతుంది. అందుకని మగవాళ్లు పైకి మోసుకొచ్చిన రాళ్లను ఇళ్లముందు వరసగా పెట్టి, తడిగోనెలు కప్పి ఉంచేవాళ్లు. ఆడవాళ్లు నీడన కూర్చుని ఒక్కొక్కటే తీసి, పలుచటి ఉలి పెట్టి, కొయ్యసుత్తితో తట్టేవాళ్లు. అమ్మ గట్టిగా కొట్టేది కాదు. తట్టి, చెవి పెట్టి విని, మళ్లీ తట్టేది. రాయి తెరుచుకున్నప్పుడు లోపలి నలుపు తడితడిగా మెరిసేది. దాని మీద మొదటి వేలిముద్ర వెయ్యాలని నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

పిల్లలకు పొద్దున్నే మొదటి పని గోనెలు తడపడం. పళ్లు తోముకోవడం ఆ తరవాతే. "రాయి తాగిందా?" అని అడిగేవాళ్లు మా పెద్దలు. "మీరు తాగారా?" అని అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఇంటి దగ్గర తడిరాయి చీలిస్తే దుమ్ము లేదు. దుమ్మంతా షెడ్డులో. చీలిన పలకల అంచులు మిషను మీద కోసి నునుపు చేసేది అక్కడే. ఆ దుమ్ము పీల్చినవాళ్లకు కొన్నేళ్లకు దగ్గు పట్టుకునేది. ఆ దగ్గుకు మందు లేదు. మా ఎదురింటి పెద్దమ్మ భర్త అలాగే పోయాడు. ఆయన ఒక్కడే కాదు, చాలా ఇళ్లల్లో ఫొటోలకు దండలు ఉండేవి. ఆ జబ్బుకు డాక్టర్లు పెట్టిన పేరేదో ఉందని నేను పెద్దయ్యాక తెలిసింది. మా ఊళ్లో దానికి పేరు లేదు, పేరెత్తితే వస్తుందని భయం. అందుకే మా దగ్గర ఒక విచిత్రమైన మర్యాద ఉండేది. నలుగురిలో ఎవరూ దగ్గేవారు కాదు. దగ్గొస్తే ఇంటి వెనక్కి పోయి దగ్గి రావాలి. అన్నం తింటూ పొరబోయినా నాయనమ్మ నా నోరు మూసి "గమ్మునుండే" అనేది. కోటమ్మ గుడిలోనైనా, చర్చి పాకలోనైనా ఒక్కడు దగ్గాడంటే పాట ఆగిపోయేది.

అమ్మ కూడా కొన్నాళ్లు షెడ్డుకు వెళ్లింది. అక్కడ మనుషులు తక్కువయ్యారని పిలిస్తే వెళ్లింది. ఆ ఎండాకాలం మొదట్లో, సంగటి తింటున్నదల్లా కంచం వదిలి ఇంటి వెనక్కి పోవడం మొదలుపెట్టింది. గోంగూర కారం ఎక్కువైందని అనేది. గోంగూర లేనిరోజు కూడా పోయింది. నాన్న ముద్ద చేతిలోనే పట్టుకుని, అమ్మ తిరిగొచ్చేదాకా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

ఒకరోజు అమ్మను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నామన్నారు. నేను బస్సు దాకా వెంటపడి, అమ్మ చీరకొంగు పట్టుకుని వదల్లేదు. బస్సు వాళ్లు విసుక్కుంటున్నారు. అప్పుడు నాన్న నా ముందు కూర్చుని, ఎప్పుడూ లేనంత మెత్తగా చెప్పాడు.

"ఇదో, నిన్న సాయంత్రం ఒక రాయి తెచ్చి వేపచెట్టు కింద పెట్టా. చూశావుగా? అది మీ అమ్మే చీల్చాల. అమ్మొచ్చిందాకా దాన్ని ఎండనియ్యమాక. నువ్వు చేస్తావా, ఇంకెవురికన్నా చెప్పనా?"

"నేను చేస్తా" అన్నాను. కొంగు వదిలేశాను.

బస్సు దుమ్ములో కలిసిపోయాక ఇంటికి నడుస్తుంటే నా బుర్రలో ఆ మాట తిరగబడింది. అమ్మ వచ్చేదాకా రాయి ఎండకూడదన్నాడు నాన్న. నేను దాన్ని ఇలా అర్థం చేసుకున్నాను: రాయి ఎండకుండా ఉంటేనే అమ్మ వస్తుంది. నేను అప్పుడు మూడో తరగతి. అలా కాదని చెప్పే అవసరం ఎవరికీ తోచలేదు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు.

ఇక చూడండి నా తిప్పలు. ఆ ఏడు మా బోరు ఎండిపోయింది. కింద ఊరినుంచి ట్యాంకరు వస్తే వచ్చేది, లేకపోతే లేదు. వచ్చిన రోజు బిందెల కొట్లాటలో జుట్టు ముడులు ఊడేవి. ఇంటికి చేరిన నీళ్లకు నాయనమ్మ కాపలా. గేదెకు బియ్యం కడిగిన నీళ్లు, కుండలో తాగే నీళ్లు, అంతే. చాలామంది కొత్తరాళ్లు తీయడం మానేసి, ఉన్నవాటిని గబగబా చీల్చేసుకున్నారు. ఊరంతటికీ తడపాల్సిన రాయి చివరికి మాదొక్కటే మిగిలింది.

"మనుషులకే గొంతు తడవకపోతే రాయికి పోస్తావంటే పిల్లా! గేదె ఏమన్నా నోరు తెరిచి అడుగుతుందా?" అని నాయనమ్మ నా చేతిలో చెంబు లాక్కునేది. ఆవిడ గేదె పక్షం, నేను రాయి పక్షం. మా ఇద్దరికీ మాటలు కూడా ఆగిపోయాయి.

నేను ఉపాయాలు పన్నాను. స్నానం చేయమంటే రాయి మీద నిలబడి చేసేదాన్ని. తమ్ముణ్ని కూడా దాని మీదే నిలబెట్టి పోసేదాన్ని. చెయ్యి కడుక్కున్న నీళ్లు, గంజి వార్పు, అన్నీ గోనె మీదికే. గంజి పోసినప్పుడు చీమలు పట్టి గోనె కదులుతున్నట్టు కనిపించింది. ఒక మధ్యాహ్నం మా తమ్ముడు రాయి దగ్గర నిలబడి లాగు కిందికి లాగాడు. "ఛీ, ఏం చేస్తున్నావురా?" అంటే "తడే గదా అక్కా" అన్నాడు. వాడికి నాలుగేళ్లు. వాణ్ని కొట్టి, తరవాత ఆలోచించి, తడే కదా అనుకుని ఊరుకున్నాను. షెడ్డు యజమాని ట్యాంకులోంచి ఒక సీసాడు నీళ్లు దొంగిలించాను కూడా. ఆ పని చేసినందుకు నాకు ఈనాటికీ సిగ్గు లేదు.

గుంటూరు నుంచి కబురు లేదు. ఊళ్లో ఫోను ఉన్నది ఒక్క కొట్టులోనే. కొట్టు మామయ్య నన్ను చూస్తే చాలు, అడగకముందే తల అడ్డంగా ఊపి, చేతిలో బొరుగులు పోసేవాడు. నాకు అవి ఇష్టం. అయినా తల అడ్డంగా ఊపి ఇచ్చిన బొరుగులు తమ్ముడికే పెట్టేసేదాన్ని.

ఒకసారి ట్యాంకరు రావడం బొత్తిగా ఆగిపోయింది. దారిలో చక్రం పగిలిందన్నారు. కుండ అడుగున తాగడానికి మాత్రమే మిగిలాయి. ఎండకు గోనె పొద్దున్నే పెళపెళలాడుతోంది. ఎత్తి చూస్తే రాయి అంచులు బూడిదరంగుకు తిరుగుతున్నాయి. నల్లరాయి బూడిదరంగుకు తిరగడమంటే ఏమిటో మా ఊళ్లో అందరికీ తెలుసు. నా వంతు తాగేనీళ్లు గ్లాసుతో తెచ్చి రాయి మీద పోశాను. అవి పడ్డచోట పడ్డట్టే ఇంకిపోయాయి. అప్పుడు నేను ఆ రాయి మీద బోర్లా పడుకుని, ఎండకు అడ్డంగా, గట్టిగా ఏడ్చాను. అమ్మ చచ్చిపోతుందని ఏడ్చాను. ఏడుపు మధ్యలో ఆ మాట పైకే అనేశాను.

ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద చింతపిక్కలు ఏరుకుంటోంది. అంతకుముందు వరకూ నీళ్లు పారబోస్తున్నానని నన్ను తిట్టినవాళ్లలో ఆమె గొంతే పెద్దది. ఆమె లేచి వచ్చింది. గోనె పక్కకు తీసి, రాయిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. చేత్తో ఒకచోట రాసింది. నా ముఖం చూసింది. ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

కాసేపటికి తిరిగొచ్చింది, చేతిలో చిన్న ముంత.

"లెయ్యి పక్కకి. మొకం కడుక్కుందామని దాచుకున్న నీళ్లు. కడగకపోతే నన్ను చూసి ఎవురు జడుసుకుంటారులే" అని గోనె మీద పోసింది.

ఆ సాయంత్రం మొదలు రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఒకావిడ కూరగాయలు కడిగిన నీళ్లు తెచ్చింది. పాస్టరుగారి భార్య అంట్లు తోమిన బూడిదనీళ్లు తెచ్చి, రాయి మీద పోసి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన కూడా చేసింది. ప్రతి మనిషీ గోనె ఎత్తి రాయిని ఒకసారి చూడటం, పెదవులు బిగించడం, మళ్లీ కప్పి నీళ్లు పోయడం. ఎవరూ ఒక్కమాట మాట్లాడేవారు కాదు. చివరికి నాయనమ్మ కూడా గేదె కుడితిలో సగం తెచ్చి కుమ్మరించింది. "నీకోసం గాదు. గేదెకు ఎక్కువయ్యాయి" అంది. ఆ రాత్రి మేమిద్దరం మళ్లీ మాట్లాడుకున్నాం.

రాయి నల్లగానే ఉంది.

ఒకరోజు పొద్దెక్కాక కొట్టు మామయ్య పంచె పైకి ఎగ్గట్టి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. అంత లావు మనిషి పరుగెత్తడం మేం అదే మొదలు చూడటం. దూరం నుంచే అరుస్తున్నాడు.

"టీబీయేనంట! టీబీయేనంటమ్మా! గుంటూరు నుంచి ఫోనొచ్చింది! మనది గాదంట, టీబీయేనంట!"

నాయనమ్మ చేతిలో చేట కింద పడేసింది. "నిజమేనంటరా? సరిగ్గా విన్నావా? మా వాడేనా మాట్లాడింది?"

"నీ కొడుకే! ఏడుస్తా చెప్పాడు. టీబీ అంట, మాత్రలున్నాయంట, మింగితే పోతుందంట!"

ఆడవాళ్లంతా ఇళ్లలోంచి బయటికొచ్చారు. ఒకరినొకరు పట్టుకుని "టీబీయేనంట, టీబీయేనంట" అని చెప్పుకుంటున్నారు. నాయనమ్మ లోపలికి పోయి బెల్లం గడ్డ తెచ్చి కొట్టు మామయ్య నోట్లో కుక్కింది. మిగిలింది అందరికీ తలా ఇంత పంచింది. పాస్టరుగారి భార్య స్తోత్రం, స్తోత్రం అంటోంది. ఇంకో ఊళ్లో అయితే టీబీ అన్నమాట వింటే తలుపులు వేసుకుంటారని నాకు అప్పుడు తెలీదు. టీబీ అంటే ఏదో పరీక్షలో ఫస్టు రావడం అనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకున్నాను.

తరవాత నాన్న చెప్పేవాడు. డాక్టరమ్మ ఎక్సరే చూసి, బాధపెట్టకుండా చెప్పాలని నెమ్మదిగా "చూడండి, మీ ఆవిడకు టీబీ" అందట. నాన్న రెండు చేతులూ జోడించి, "చల్లటిమాట చెప్పావు తల్లీ, నీ కడుపు చల్లగుండ" అని ఆమె బల్ల దగ్గరే కూలబడి ఏడ్చాడట. ఆమె నర్సును పిలిచి, ఇతనికి సరిగ్గా అర్థమైనట్టు లేదు, మళ్లీ చెప్పమందట. తిరుగు ప్రయాణంలో బస్సులో పక్క మనిషి ఏం జబ్బని అడిగితే నాన్న గొప్పగా చెప్పాడట. ఆ మనిషి లేచి వెనక సీట్లోకి పోయాడట. "మంచిదేలే, మీ అమ్మ కాళ్లు చాపుకుని పడుకుంది" అనేవాడు నాన్న.

అమ్మ వచ్చినరోజు నేను బస్సు దాకా వెళ్లలేదు. వెళ్తే ఆ కాసేపట్లో రాయి ఎండుతుందేమోనని భయం. చెంబు పట్టుకుని దాని పక్కనే నిలబడ్డాను. అమ్మ సన్నబడింది. గట్టు ఎక్కి నడిచొస్తోంది, నాన్న చేతిలో మాత్రల సంచి. అమ్మ నా దగ్గరికి వచ్చి, నన్ను పట్టుకోబోతే నేను పక్కకు జరిగి గోనె తీసి చూపించాను.

"ఎండలేదు. చూడు" అన్నాను.

అమ్మ వంగి చూసింది. రాయి మీద అరచెయ్యి వేసింది. తరవాత చూపుడువేలితో ఒక మూలనుంచి ఇంకో మూలకు ఏటవాలుగా గీసింది. అప్పుడు నాకూ కనిపించింది, వెంట్రుకంత సన్నటి తెల్లగీత, పొరలన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోతోంది. అమ్మ తలెత్తి నాన్నను చూసింది.

"ఇది గీతరాయి గదయ్యా. ఎక్కడ ఉలి పెట్టినా ఆడికి రాంగానే ఇరుగుతుంది. దీన్నా పిల్లచేత తడిపించావు?"

నాన్న తల గోక్కున్నాడు. "గోడలోకి పనికొస్తుందని తెచ్చా. నీ కొంగు వదలకపోతే ఏం చెయ్యను మరి? నోటికొచ్చింది చెప్పా. ఇన్నాళ్లూ తడుపుద్దని నాకేం తెలుసు?"

అమ్మ ఎదురింటి వైపు తిరిగింది. పెద్దమ్మ అరుగు దిగి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఆమె వెనక మిగతా ఆడవాళ్లు. అందరూ పుట్టినప్పటినుంచి రాయి చీల్చినవాళ్లే. గీత కనబడనివాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు.

"నువ్వన్నా చెప్పొద్దా అక్కా? నీళ్లు లేని రోజుల్లో!" అంది అమ్మ.

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా ఆయన మంచంలో ఉన్నప్పుడు నాకు చేసేదానికి ఏమీ లేకపోయిందే. ఊరికే కూకుని చూశా. ఈ పిల్లకి తడిపేదానికి ఒక రాయన్నా ఉంది గదా అనుకున్నా."

అమ్మ నా చేతిలో చెంబు తీసుకుంది. అందులో ఉన్న నీళ్లు తను తాగింది.

"ఇంక తడపమాకమ్మా. ఎండిపోనీ. వచ్చాను గదా" అంది.

ఆ సాయంత్రం అమ్మ ఒళ్లో తల పెట్టుకుని రాయి ఎండటం చూశాను. అంచుల దగ్గర మొదలై, బూడిదరంగు మెల్లగా మధ్యకు పాకింది. నాకు కొంచెం కూడా భయం వేయలేదు.

దుమ్ము దగ్గరికి పోవద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఆ వానాకాలానికే మేం కిందికి దిగిపోయాం. నరసరావుపేట వైపు పత్తి, మిరప పొలాలు. ఆ గీతరాయిని నాన్న సామాన్ల లారీలో వేసుకొచ్చాడు. ఇప్పుడది మా తమ్ముడింటి దొడ్లో బట్టలుతికే బండ. అమ్మ దాని మీద సబ్బుపెట్టి బాదుతుంటే నాకు చూడ్డానికి సరదాగా ఉంటుంది. మా తరవాత ఒక్కొక్కరే దిగారు. ప్లాస్టిక్ పలకలొచ్చాయి, తరవాత పలకలే పోయాయి, షెడ్డు మూసేశారు. పెద్దమ్మ తన కూతురి దగ్గరికి చీరాల వెళ్లి, మగ్గాల చప్పుడుకు నిద్రపట్టడం లేదని కబురు పెట్టేది. గని నిండా ఇప్పుడు నీళ్లేనట, ఏడాది పొడుగునా. చుట్టూ మళ్లీ మేకలు తిరుగుతున్నాయట. నాయనమ్మ ఉంటే సంతోషించేది.

ఆ ఊరిని తలుచుకున్నప్పుడల్లా నాకు చివరగా గుర్తొచ్చేది మాత్రం ఆ ఊళ్లోది కాదు. మేం కిందికి దిగిన మొదటి ఏడాది మిరప కల్లం. ఎర్రగా పరిచిన కాయల మధ్య కూర్చుని ఆడవాళ్లు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. గాలి తిరిగి ఘాటు లేచింది. కల్లంలో ఉన్నవాళ్లంతా దగ్గడం మొదలుపెట్టారు. తుమ్ములు, కళ్లనీళ్లు, నవ్వులు, "ఓయమ్మో" అనే అరుపులు. అమ్మ అలవాటు కొద్దీ లేచి ఎటు పోవాలా అని చుట్టూ చూసింది. పోవడానికి ఇంటి వెనక అంటూ ఏదీ లేదు. పక్కనున్నావిడ "కూకోవమ్మా, ఈడ దగ్గనోళ్లెవురు?" అని చెయ్యి పట్టుకు లాగింది. అమ్మ కూర్చుంది. నలుగురి మధ్యా కూర్చుని, నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, గట్టిగా, తనివితీరా దగ్గింది. నాన్న అవతల బస్తాలు కుడుతున్నాడు. తల తిప్పి కూడా చూడలేదు.